గొర్రెపాలు తాగిన కుక్క

కుక్కలకు జన్యు కార్డులు వచ్చి మూడేళ్లయింది. కార్డులో ‘పిరికి’ అని ఉన్న కుక్కను మందకు కాపలా ఉంచకూడదు. గొర్రెలు మేపే హనుమక్క కుక్క నల్లోడి కార్డు చూసి, తనిఖీ అధికారి పెదవి విరిచాడు.

“పిరికిదని వచ్చిందమ్మా. తీసుకుపోవాల్సిందే.”

“కండ్లు తెరవకముందే వీణ్ణి గొర్రె పొదుగుకు పట్టించినా సార్. ఆ సంగతి రాసినారా అందులో?”

“కార్డులో పాలకు గడి లేదమ్మా.”

“అయితే ఆ గొర్రెపిల్లనెత్తుకోండి, చూద్దాం.”

అధికారి నవ్వుతూ గొర్రెపిల్లను ఎత్తాడు. నల్లోడు తోక కాళ్ల మధ్య దాచుకుని, వణుకుతూనే వచ్చి ఆయన దారికి అడ్డంగా నిలబడ్డాడు. అధికారి కాలెత్తి అదిలించాడు. వణుకు ఎక్కువైంది గానీ వాడు కదల్లేదు.

“పిరికోడే సార్, కార్డు అబద్ధం చెప్పలా,” అంది హనుమక్క. “అయినా తమ్ముణ్ణి ఎత్తుకుపోతాంటే ఎట్ల ఊరకుంటాడు?”