గాజుపలక మీద ముగ్గు

ఏ గడ్డ మంచిదో ఏది చెడ్డదో ఆస్పత్రుల్లో మిషన్లే తేల్చేస్తున్న రోజులవి. మైక్రోస్కోపు ముందు ఇంకా కూర్చునేది ముసలి డాక్టర్ ఇందుమతి ఒక్కతే. తిరుపాలు మెడలోంచి తీసిన పారాథైరాయిడ్ గడ్డ మామూలుదేనని మిషను చెప్పింది. ఆమెకు మాత్రం కణాలు గడ్డ పొరను చీల్చుకొని రక్తనాళంలోకి దిగినట్టు కనిపించాయి. మిషను మాట కాదనాలంటే రోగి ఒప్పుకోవాలి. అందుకే అతణ్ణి పిలిపించింది.

"ఇది క్యాన్సరు, తిరుపాలూ. మెడ మళ్లీ కోయక తప్పదు."

"మిషను మంచిదే అనింది గదమ్మా. మీ కండ్లు ముసలివైపాయ."

ఆమె లేచి, తన కుర్చీలో అతణ్ణి కూర్చోబెట్టి, మైక్రోస్కోపు కింద గాజుపలక మీదున్న గడ్డ ముక్కను చూడమంది. తిరుపాలు ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"ముగ్గేసినట్టు ఎంత చక్కగుందమ్మా. ఇదా నన్ను చంపేది?" అని నవ్వుతూ లేచి, మెడ మీది కుట్లు తడుముకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు.