ఒంటి లైటు

మలుపు తిరగగానే రోడ్డు మధ్యలో మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో టార్చి. భుజాన సంచి.

హరిప్రసాద్ బ్రేకు తొక్కాడు. తడి రోడ్డు మీద కారు కొంచెం జారి ఆగింది. వెనక సీట్లో పాప కదిలి, మళ్లీ నిద్రలోకి జారుకుంది.

సునంద చేయి మెడ మీదికి పోయింది. దమ్మపేటలో పెళ్లి చూసుకుని భద్రాచలం తిరిగి వెళుతున్నారు. ఇంట్లో ఉన్న బంగారమంతా ఒంటి మీదే ఉంది. కొంగు మెడ చుట్టూ కప్పుకుంది.

"అందుకే ఈ దారి వద్దన్నాను" అన్నాడు హరిప్రసాద్ పళ్ల బిగువున.

వద్దన్న మాట నిజమే. ఏడాదిగా అతను కొత్తగూడెం మీదుగా చుట్టు తిరిగే వస్తున్నాడు. ఈ అడవి దారి మంచిది కాదంటాడు. ఈ రోజు అటువైపు చెట్టు పడి బండ్లు నిలిచిపోయాయి. చీకటి పడకముందే అడవి దాటేద్దామని ఆమే పట్టుబట్టింది. ములకలపల్లి దాటేసరికే పొద్దు గుంకింది.

ఆ మనిషి దగ్గరికి వచ్చాడు. అద్దాలకు ఆవిరి పడుతోందని సగం దించిన కిటికీలోంచి చేయి పెట్టి, తాళం చెవి తీసేసుకున్నాడు. ఇంజను ఆగిపోయింది.

"ఎంత కావాలి?" హరిప్రసాద్ పర్సు తీశాడు. తల తిప్పలేదు.

"పైసలొద్దు సార్. బానెట్ తీయుండ్రి."

"ఎందుకు?"

"ఒంటి లైటుతోని వస్తుండ్రు. కుడి పక్కది వెలుగుతలేదు. బల్బు నా కాడుంది. ఏసి పంపిస్త."

సునంద భర్త వైపు చూసింది. టోల్ గేటు దగ్గర కూడా గొడవకు దిగే మనిషి. ఇప్పుడు చెప్పగానే స్టీరింగ్ కింద చేయి పెట్టి బానెట్ లీవరు లాగాడు.

లేచిన బానెట్ ముందు అద్దాన్ని కప్పేసింది. అవతలి నుంచి గొంతు ఒక్కటే వినిపించింది.

"అమ్మా, జర టార్చి పట్టుండ్రి."

"దిగకు" అన్నాడు హరిప్రసాద్.

తాళం ఆ మనిషి దగ్గర ఉంది. చెప్పినట్టు వింటే వదిలేస్తాడేమో. సునంద దిగింది.

అరవై దాటిన మనిషి. నెరిసిన గడ్డం. గనిలో ఇచ్చే పాత కోటు వేసుకున్నాడు.

"పిచ్చయ్య అంటరు నన్ను. ఓపెన్‌కాస్టు గనిల డంపర్ల లైట్లు చూసెటోన్ని." లైటు వెనక రబ్బరు మూత తీసి, వైర్ల కొసన ఉన్న హోల్డర్ బయటికి లాగాడు. నల్లగా మాడి ఉంది. "ఎవడో ఎక్కువ వాట్ల బల్బు ఏసిండమ్మా. గా వేడికి ఇది కరిగింది. గిట్ల మాడినంక కొత్తవి ఎన్ని ఏసినా మల్ల మల్ల పోతనే ఉంటయి."

సంచిలోంచి రెండు బల్బులు తీశాడు. నీలం గాజుది తిరిగి లోపల పెట్టేశాడు.

"అది తెల్లగ కొడ్తది. వానల రోడ్డు కనవడదు. ఎదురొచ్చెటోనికేమో కండ్లు చెదురుతయి. పసుపు వెలుగే మంచిది."

గాజుకు వేలు తగలకుండా గుడ్డతో పట్టుకుని బల్బు లోపల కూర్చోబెట్టాడు.

"రోజూ ఇక్కడే ఉంటారా?" అడిగింది సునంద.

"పొద్దుగూకంగ వస్త. ఒంటి లైటు బండి కనవడితె ఆపుత."

"ఎందుకండీ?"

పిచ్చయ్య బల్బు కదలకుండా స్ప్రింగు నొక్కి బిగించాడు. హోల్డర్ పిన్నులు చాకుతో గీకాడు.

"మా బిడ్డ నవత. ఆశ్రమ పాఠశాలల టీచర్. పోయినేడు స్కూటీ మీద వస్తుండె. ఎదురుంగ ఒక్కటే లైటు. బైకే అనుకున్నది. బైకుకు ఇచ్చినంత జాగనే ఇచ్చింది. నేను గా చెట్టు కాడ నిలవడి చూస్తున్న."

"ఆ బండి ఆగలేదా?"

"ఆగలే. బిడ్డను గుద్ది పోతుంటె వెనక అద్దమొక్కటే కనవడ్డది."

సునంద మెడ మీది కొంగు జారింది. సర్దుకోలేదు.

పిచ్చయ్య బానెట్ దించాడు. గుడ్డతో లైటు గాజు తుడిచాడు. ఎడమవైపు గాజు కూడా తుడిచి, రెండింటినీ మార్చి మార్చి చూశాడు.

"ఎడమది పసుపెక్కింది. ఇదేమో కొత్తగుంది."

"రాయి తగిలి పగిలిందట. అప్పుడు మార్పించారు."

"సునందా, ఎక్కు" హరిప్రసాద్ లోపలి నుంచి కేకేశాడు. "పాప లేచింది."

ఆమె కిటికీలోంచి చూసింది. పాప లేవలేదు.

"వెనక లైట్లు గూడ చూస్త. ఒక్క నిమిషం" అంటూ పిచ్చయ్య టార్చి అందుకుని కారు చుట్టూ వెళ్లాడు. వెలుగు బ్రేకు లైట్ల మీద పడింది. పైకి లేచింది. వెనక అద్దం మీద ఒక రెక్క ఊడిన సీతాకోకచిలుక స్టిక్కరు దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"పాప అంటించిందా అమ్మా?"

"అవునండీ, రెండేళ్లయింది. ఎంత గీకినా ఆ రెండో రెక్క రాదు." ఈ దారిలోకి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

"లైటేయుండ్రి సార్" అన్నాడు పిచ్చయ్య.

తాళం లేకున్నా స్విచ్చు తిప్పగానే రెండు లైట్లూ వెలిగాయి. రోడ్డు దూరం దాకా కనిపించింది. అంచున టేకాకుల మీంచి నీళ్లు కారుతున్నాయి.

సునంద ఎక్కి కూర్చుంది. "మీ మేలు మరిచిపోమండీ. ఏమండీ, మీరూ ఒక మాట చెప్పండి."

హరిప్రసాద్ రోడ్డు వైపే చూస్తూ, తాళం కోసం కిటికీలోంచి చేయి చాచాడు.

పిచ్చయ్య పిడికిలి విప్పలేదు.

"పోయినేడు గూడ మీ బండికి ఇదే పక్క లైటు లేకుండె సార్."