కోదండరాం కుట్టించిన బూట్లు

ఆరేళ్ల కూతురి తడి పాదాల అచ్చు గచ్చు మీద నిండుగా పడడం చూసి, చింతాద్రిపేట బట్టల వ్యాపారి కోదండరాం హడలిపోయాడు. అరికాలి మధ్యలో ఉండాల్సిన వంపే లేదు.

“నొప్పి లేదు, బాగా పరుగెత్తుతోంది. వయసుతో వంపు దానంతటదే వస్తుంది. ఉత్త కాళ్లతో ఆడుకోనివ్వండి,” అన్నాడు పాపను పరీక్షించిన డాక్టరు.

మందు కూడా రాయని డాక్టరును కోదండరాం నమ్మలేదు. లోపల ఇనుప పట్టీ పెట్టించి బూట్లు కుట్టించాడు. పగలంతా అవి విప్పకూడదని భార్య అలివేలుకు గట్టిగా చెప్పాడు.

రెండేళ్లకు తడి అచ్చులో చక్కని వంపు తేలింది. కోదండరాం ఆ బూట్లు సంచిలో వేసుకుని, భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని డాక్టరు ముందు వాలాడు.

“మీరేమో ఊరికే వదిలేయమంటిరి. ఈ బూట్లే నా బిడ్డ కాళ్లు బాగుచేసినాయి సార్!”

డాక్టరు ఒక బూటు తీసి పాప కాలికి తొడగబోయాడు. పాదం అందులో పట్టలేదు, మడమ బయటే ఉండిపోయింది.

అలివేలు తల వంచుకుంది. “మొదటి వారమే బొబ్బలు లేచినాయి సార్. ఈయన అంగడికి పోతానే విప్పేస్తా ఉంటిని. పాప ఉత్త కాళ్లతోనే ఆడుకునింది. పోయినేడు నుంచి అవి పట్టనే లేదు. ఈయన చూసుకోనూ లేదు.”

కోదండరాం ముఖం పాలిపోయింది. “అయ్యో! నా మాట నమ్మి మా వీధిలో నలుగురు వాళ్ల బిడ్డలకూ ఇవే కుట్టించినారే! ఇప్పుడు వాళ్లకేం చెప్పేది?”

“మొగోళ్లకు మీరే చెప్పుకోండి,” అంది అలివేలు. “ఆడోళ్లకు నేను అప్పుడే చెప్పేసినా.”