మాటల్లేని బుడగలు

ఒకే గదిలో ఇద్దరు దణ్ణం పెట్టుకుంటే దేవుడు ముందు ఎవరి మొర వింటాడు?

బొమ్మలాయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న సందేహం ఇది. పెద్దవాళ్ళను అడిగితే నవ్వి ఊరుకునేవారు. ఇప్పుడు తనే ఇంటికి పెద్ద, రోజూ దీపం వెలిగించే మనిషి. అయినా సందేహం తీరలేదు.

ఆ రోజు మాత్రం ఆయనకు సందేహించే తీరిక కూడా లేదు.

సొంత కామిక్ పుస్తకాల సంత అది. గీసేది, అచ్చు వేయించేది, మోసుకొచ్చి అమ్మేది అన్నీ ఎవరికి వారే. పెద్ద హాల్లో వరసగా టేబుళ్ళు. తలుపులు అప్పుడే తీశారు. బావమరిది కట్ట తాడు కోసి, ఒక పుస్తకం తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు.

"బావా, నీ కండక్టరు మూగవాడా?"

"ఏం కూశావురా?"

"దెయ్యం కూడా మూగదే."

బొమ్మలాయన పుస్తకం లాక్కున్నాడు. బస్సులో దెయ్యాన్ని టికెట్ అడుగుతున్న కండక్టరు. నోరు తెరిచే ఉంది. పక్కన తెల్లటి బుడగ. బుడగలో ఒక్క అక్షరం లేదు.

ఏ పేజీలోనూ లేదు.

ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. కంప్యూటర్లో బొమ్మలు ఒక పొర మీద, మాటలు ఇంకో పొర మీద ఉంటాయి. ఆఖర్న ఏదో గీత సరిదిద్దడానికి మాటల పొర దాచి, తిరిగి పైకి తేవడం మరిచి, అలాగే ప్రెస్సుకు పంపేశాడు.

మధ్యాహ్నానికి పుస్తకాల షాపాయన వస్తానన్నాడు. నచ్చితే ఊరూరా ఉన్న తన షాపుల్లో పెడతాడు. ఆఫీసు నుంచి వచ్చి వంటింటి బల్ల మీద ఏళ్ళ తరబడి గీసిన పుస్తకం. ఇదీ పోతే ఇక బొమ్మల జోలికి పోనని ఇంటావిడ ముందు ఒట్టేసి మరీ వచ్చాడు.

"సర్దరా. పోదాం."

"చేత్తో రాస్తే పోలా?"

అన్నది బావమరిది కాదు. ఎదురుగా ఎవరో నడివయసు ఆవిడ నిలబడి పుస్తకం తిరగేస్తోంది.

"ఇన్ని బుడగలా? ఎవరు రాస్తారండీ?"

"మీరూ నేనూ. తమ్ముడూ, నువ్వు మాటలు చదువు," అని కుర్చీ లాక్కుంది. పెన్ను మూత తీసే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

బావమరిది ఫోన్లో చూసి మొదలుపెట్టాడు. "ఓ పెద్దమనిషీ, టికెట్ లేని ప్రయాణం నేరమని తెలియదా? తక్షణం బస్సు దిగవలసింది."

"ఈ బుడగలో అంత పట్టదు. 'దిగు' అంటే చాలదూ?"

బొమ్మలాయనకు మండింది. తన మాటలకు కత్తెర వేయడానికి ఈవిడెవరు? కానీ వాదనకు వేళ కాదు. తనూ ఒక పెన్ను పట్టాడు.

జనం పెరిగారు. రాసిన పుస్తకాలు ఆరడానికి కుర్చీల మీద తెరిచి పెట్టారు. చేతి చెమటకు తడి సిరా పాకి ఒక దెయ్యం మొహం అలుక్కుపోయింది.

"పర్లేదక్కా, దాని మొహం మనమెవరం చూశాం గనక," అన్నాడు బావమరిది.

ఎవరూ నవ్వలేదు.

ఆవిడ మాటిమాటికీ హాలు ఆ చివరికేసి చూస్తోంది. కాసేపటికి పెన్ను పక్కన పెట్టింది.

"ఒక్కసారి అటు వెళ్ళొస్తానండీ."

"ఇప్పుడా?" బొమ్మలాయన గొంతు లేచింది. "మీకేమండీ, చూసిపోదామని వచ్చారు. ఎప్పుడైనా తిరగొచ్చు. నాకిక్కడ ప్రాణం మీదికొచ్చింది!"

ఆవిడ ఏదో చెప్పబోయి ఆగింది. మళ్ళీ కూర్చుని పెన్ను అందుకుంది.

షాపాయన వచ్చాడు. నిలబడే పుస్తకం తెరిచాడు. మొహంలో ఏ భావమూ లేదు. పేజీ తిప్పాడు. అప్పుడూ లేదు. బొమ్మలాయన తెలిసిన దేవుళ్ళందరినీ వరసపెట్టి తలుచుకున్నాడు.

ఉన్నట్టుండి షాపాయన పగలబడి నవ్వాడు.

"దిగు! అంతే! దెయ్యం దిగిపోయింది కూడానూ!" కళ్ళు తుడుచుకున్నాడు. "చేత్తో రాశారా? ఈ రాతే బాగుంది. అన్నీ ఇలాగే రాసిపెట్టండి. సాయంత్రం మనిషిని పంపిస్తా."

సంత ముగిసేదాకా రాస్తూనే ఉన్నారు. ఆఖరి కట్ట ఎత్తించి బొమ్మలాయన వెనక్కి తిరిగేసరికి ఆవిడ కుర్చీ ఖాళీ.

"పేరైనా అడిగావుట్రా?"

"నువ్వడుగుతావనుకున్నా బావా."

ఆ పుస్తకం ఇంకో పుస్తకానికి దారి చూపింది, అది మరోదానికి. ప్రతి సంతలోనూ ఆయన ఆవిడ కోసం వెతికేవాడు. ఒక్క దణ్ణం బాకీ ఉండిపోయిందని మనసులో గుచ్చుకునేది.

చాలా ఏళ్ళకు కనిపించింది. జుట్టు నెరిసింది. గుమ్మం దగ్గర సంత నడిపే పెద్దాయన ఆవిడ మీద విసుక్కుంటున్నాడు.

"ఏటేటా ఫోన్లో బతిమాలతారు, ఈసారి మనిషే వచ్చేశారా? టేబుల్ తీసుకుని రోజంతా తెరవనివాళ్ళకు మళ్ళీ ఇవ్వం. రూలంటే రూలేనమ్మా."

బొమ్మలాయన పరుగున వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. "నా టేబుల్లో సగం ఈవిడకిస్తాను. మీ రూలు దానికి అడ్డం రాదుగా?"

పెద్దాయన గొణుక్కుంటూ పక్కకు తప్పుకున్నాడు.

బొమ్మలాయన రెండు చేతులూ జోడించాడు. సంచి తనే మోసుకొచ్చాడు. అందులో ఒక పాత కట్ట. బిగించిన తాడు బిగించినట్టే ఉంది. దాన్ని కోస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాడు.

"అయినా, అంత శ్రమపడి పుస్తకం వేసుకుని, టేబుల్ ఎందుకు తెరవలేదండీ?"

"ఆ రోజంతా మీ దగ్గర రాస్తూ కూర్చున్నానుగా," అంది ఆవిడ, పుస్తకాల మీద దుమ్ము తుడుస్తూ.

బొమ్మలాయన మిగతా సగంలో ఉన్న తన పుస్తకాలన్నీ ఎత్తి టేబుల్ కిందకు దించేశాడు.