కార్డులో రాయని ముక్క

“ఈ శవం మీ పేషెంటుది కాదండీ,” అంటూ ఫోరెన్సిక్ డాక్టరు పళ్ల ఎక్స్‌రేని లైటు ముందు పెట్టాడు.

గోదాము తగలబడి పదకొండు రోజులైంది. మొహాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. ఇక పళ్లే ఆధారం. అందుకే దంతవైద్యుడు తన క్లినిక్ నుంచి, గోదాములో గల్లంతైన పేషెంటు కేసుకార్డు పట్టుకొచ్చాడు. కొడుకు ఆచూకీ కోసం వచ్చిన పెద్దావిడ గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఉంది.

“మిగతావన్నీ సరిపోయాయి. కానీ ఈ దవడపన్ను వేరులో సూది ముక్క విరిగి ఉండిపోయింది, చూడండి. మీ కార్డులో రూట్ కెనాల్ సవ్యంగా పూర్తయిందని ఉంది. ఇలాంటిది ఏ డాక్టరూ రాయకుండా వదలడు.”

“అంటే మావాడు కాదా?” పెద్దావిడ లేచి నిలబడింది.

“కాదనే అనిపిస్తోందమ్మా. పెద్దాసుపత్రిలో స్పృహ లేనివాళ్లు ఇద్దరున్నారు. అక్కడ చూడండి.”

ఆవిడకు పోయిన ప్రాణం లేచొచ్చింది. దంతవైద్యుడి చెయ్యి పట్టుకుంది. “విన్నావా నాయనా? వాడికేం కాదని నేను చెప్పలేదూ.”

అతను ఎక్స్‌రే వైపు తిరిగాడు. “మరి ఈ శవాన్ని ఏం చేస్తారు?” అని డాక్టర్ని అడిగాడు.

“ఎవరూ రాకపోతే రేపు అనాథ శవం కింద రాసేస్తాం. ఇది మీ పేషెంటు కాదని ఇక్కడ సంతకం పెట్టండి.”

కలం అందుకున్నాడు. సంతకం పెడితే లైసెన్సు నిలుస్తుంది. ఆవిడ ఆశా నిలుస్తుంది. ఎంతసేపు? పెద్దాసుపత్రి గుమ్మం దాకా. ఆ తర్వాత ఏళ్ల తరబడి కనబడ్డ గుమ్మమల్లా ఎక్కి దిగుతూనే ఉంటుంది.

కలం కింద పెట్టేశాడు.

“ఆ ముక్క నా చేతిలోనే విరిగింది. భయపడి కార్డులో రాయలేదు.”

“పేషెంటుకి చెప్పారా?”

“లేదు. నొప్పిగా ఉందని రెండుసార్లు వచ్చినా, సర్దుకుంటుందని పంపేశాను.” జేబులోంచి ఇన్నాళ్లూ దాచిన ఎక్స్‌రే తీసి బల్ల మీద పెట్టాడు.

ఫోరెన్సిక్ డాక్టరు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ముక్క అచ్చంగా అదే చోట ఉంది.

“ఇది రాతలో పెడితే మీ ప్రాక్టీసే పోవచ్చు,” అన్నాడు మెల్లగా.

“పెట్టండి.”

పెద్దావిడ కుర్చీలో కూలబడింది.

“నొప్పని వస్తే పంపేశావా?”

“అవునమ్మా,” అతను తల వంచుకున్నాడు.

ఆవిడ విసురుగా లేచింది. కొడుతుందేమోనని ఫోరెన్సిక్ డాక్టరు అడ్డం రాబోయాడు. ఆవిడ దంతవైద్యుడి భుజం పట్టుకుంది.

“పద పెద్దోడా, తమ్ముణ్ని ఇంటికి తీసుకెళ్దాం.”