తియ్యకూడని డిస్కు

నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు ముక్క ఒక్కటే వచ్చి కూర్చుంది. బూట్ డిస్కు దొరకలేదట.

ఝాన్సీకి ఒళ్లు మండిపోయింది.

గజపతినగరం స్టేషన్ రోడ్డులో ఆమెదో చిన్న నెట్ సెంటర్. టీచరు పోస్టుల దరఖాస్తుకి ఆ సాయంత్రం ఐదింటితో గడువు సరి. పదహారు మంది సగం నింపిన ఫారాలు, స్కాన్ చేసిన సర్టిఫికెట్లు ఆ సీపీయూలోనే ఉన్నాయి. ఆ పదహారు మందీ మెట్ల మీదే ఉన్నారు.

"అక్కా, ఈపాలి అవకపోతే నాకు వయసు దాటిపోతాది," అంది వాళ్లలో ఉన్న ధనలక్ష్మి. గొంతులో ఏడుపు తయారుగా ఉంది.

"పక్క సెంటర్‌కి పోదామా?" అన్నాడు మెట్ల మీంచి ఒకడు.

"అక్కడ లైను రోడ్డు మీదకొచ్చీసింది. పొద్దున్నించీ స్కానింగే అవుతన్నాది."

"ఇదంతా ఆ గోపిగాడి నిర్వాకం!" అంది ఝాన్సీ.

గోపి కొత్తవలస వైపు నుంచి బండి మీద ఊళ్లు తిరిగి కంప్యూటర్లు బాగుచేస్తాడు. కిందటి ఆదివారం వచ్చి, పాతది లోపలే ఉంచి, పక్కన కొత్త డిస్కు బిగించాడు. ఇంకా కొంచెం పని మిగిలిందనీ, బుధవారం వచ్చి చేస్తాననీ చెప్పి వెళ్లాడు.

బుధవారం పోయింది. గురువారం పోయింది. ఫోను చేస్తే స్విచ్చాఫ్.

లోపల పాత డిస్కు రోజంతా కటకటమని పళ్లు కొరుకుతోంది. ఝాన్సీ చూసి చూసి, నిన్న సాయంత్రం తనే స్క్రూలు విప్పి దాన్ని పీకి మూలన పారేసింది. కొత్తది ఉండగా పాడైపోయినదానితో పనేమిటి?

తెల్లారేసరికి ఇదీ వరస. కొత్తదని చెప్పి గోపి డొక్కు డిస్కు అంటగట్టాడని ఆమెకి గట్టి నమ్మకం. విజయనగరం మెకానిక్కు కూడా ఫోన్లో ఆ మాటే అన్నాడు.

"కొత్త డిస్కే పోయుంటాదండి. ఫార్మాట్ కొట్టాలి. లోపలున్నవన్నీ పోతాయి మరి."

పదహారు మొహాలు వాడిపోయాయి.

అప్పుడొచ్చాడు ఆ మనిషి.

యాభై దాటిన రైతు. మాసిన పంచె, పెరిగిన గడ్డం, చేతిలో చిన్న నోటు పుస్తకం. మెట్లకి అవతలే, వీధిలో ఆగిపోయాడు.

"ఝాన్సమ్మంటే నువ్వేనా తల్లీ? పాత డిస్కు తియ్యొద్దని సెప్పడానికొచ్చాను. గోపి మాట ఇది."

అగ్గి మీద గుగ్గిలం పడింది.

"ఓహో, నిన్ను పంపించాడా దొరగారు! మొహం సూపించడానికి సిగ్గేసిందా ఆడికి?"

"అది కాదమ్మా..."

ఝాన్సీ ఆగితే కదా. మనసు వెన్నే, నోటికే తాళం లేదు.

"ఇంతమంది బతుకులు రోడ్డున పెట్టీసి ఎక్కడ తొంగున్నాడు? ఫోను ఆపీసి ఏ సినిమాకి పోయి కూకున్నాడు? ఆడి పాడె కట్ట!"

ఆ మనిషి నేల చూపులు చూశాడు.

"నిజమేనమ్మా. వస్తానన్న రోజుకి రాలేకపోయాడు. తప్పే."

"తప్పని నువ్వొప్పుకుంటే ఏటి లాభం? లోపలికొచ్చి బాగుసెయ్యి!"

"నాకా పని తెలీదు తల్లీ. నాను లోపలికి రాకూడదు. మిషను మొదలయ్యేది ఆ పాతదాంట్లోంచేనట. ఆ ముక్క ఇంకా కొత్తదాంట్లోకి మార్చనేదట. అందుకే పాతది తీసీస్తే లెగదట."

చచ్చేలా ఉన్న డిస్కు మొత్తం మిషన్ని లేపుతుందంటే ఝాన్సీ నమ్మలేదు. ధనలక్ష్మి మాత్రం అప్పటికే మూలనున్నదాన్ని తెచ్చి, దుమ్ము దులిపి ఆమె చేతిలో పెట్టింది.

బిగించింది. బటన్ నొక్కింది.

కటకట, కటకట.

తెర వెలిగింది. ఫారాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మెట్ల మీద ఒకటే కేకలు.

"బాబాయ్, టీ తాగి ఎల్లు," అంది ఝాన్సీ, కొంచెం మెత్తబడి.

"ఇప్పుడొద్దమ్మా. ఇంకా నాలుగూళ్లు తిరగాల. సాలూరు బస్సు దాటిపోతాది."

టీ ఇస్తే తాగడా! ఝాన్సీకి మళ్లీ పొంగుకొచ్చింది.

"అయితే ఆ గోపిగాడికి సెప్పు, కనబడితే కాళ్లిరగ్గొడతానని!"

"సెప్తాను తల్లీ," అని ఆయన బస్టాండు వైపు నడిచాడు.

నాలుగున్నరకి పదహారో ఫారం వెళ్లిపోయింది. అప్పుడు పరుగెత్తుకుంటూ వచ్చింది అదే వీధిలో ఉండే యమున, తనకీ దరఖాస్తు పెట్టాలంటూ. కొత్తవలస దగ్గర పుట్టింటికి వెళ్లి, ఆఖరి నిమిషంలో తిరిగొచ్చింది.

ఆమె ఫారం నింపుతూ ఝాన్సీ పొద్దుటి గొడవంతా చెప్పింది. కోపం ఇంకా చల్లారలేదు.

"మనిషికెంత పొగరో సూడు. టీ ముట్టడు, గడప తొక్కడు. గోపిగాడికి తగ్గ పాలేరు!"

యమున తెల్లబోయి చూసింది.

"మైలలో ఉన్నోడు గడపెలా తొక్కుతాడక్కా?"

"ఎవరి మైల?"

"నీకు తెలీదా? గోపిది మా ఊరే. బుధవారం పొద్దున్నే పనుందని ఇటే బయల్దేరాడు. విజయనగరం దాటాక లారీ గుద్దీసింది. అక్కడే పోయాడు."

ఝాన్సీ చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. పొద్దున తన నోటినుంచి వచ్చిన ప్రతి మాటా ఆమెకి వినబడింది.

"మరి... వచ్చినాయన..."

"అసిరయ్య మావ. గోపి పుస్తకంలో ఎవరెవరికి ఏ పని సేస్తానని, ఏటి సెప్పాలని రాసుకున్నాడో, నిన్నంతా నాసేత సదివించుకుని కంఠతా పట్టాడక్కా. ఆడు మాట తప్పాడని ఎవులూ అనుకోకూడదని ఊరూరా తిరుగుతున్నాడు."

యమున కళ్లు తుడుచుకుంది.

"కన్నతండ్రి కదక్కా."