పీకనివ్వని పన్ను

గంగులమ్మ నోరు మూసేసుకుంది.

పటకారు చేత్తో పట్టుకుని డాక్టర్ ధనంజయ అలాగే నిలబడిపోయాడు.

"నోరు తెరువమ్మా."

"తెరవను." ఆ మాట కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే అంది.

ధనంజయ మద్రాసులో పళ్ల వైద్యం చదివి, ఎనభై మూడులో చిత్తూరులో ఆస్పత్రి పెట్టాడు. పంటికి ఎక్స్‌రే తీసే మిషను కొన్నాడు. ఆ సంగతి బోర్డు మీద తన పేరుకన్నా పెద్ద అక్షరాలతో రాయించాడు.

గంగులమ్మది ఐరాల. బెల్లం గానుగ దగ్గర పని. కింది వరసలో కుడిపక్క పన్ను సలుపుతోందని వచ్చింది. ధనంజయ ఫిల్ము తీసి చూసి, వేరులోని నరం తీసేసి, సిమెంటు పెట్టి పంపాడు. వారం తిరక్కుండానే దవడ పట్టుకుని మళ్లీ వచ్చింది.

"నరం తీసేసినాక నొప్పెట్ల వస్తుందమ్మా?"

"నన్నడిగితే? నొప్పి నాది, సదువు నీది."

బెంచీ మీద కూర్చున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. ధనంజయకు చుర్రుమంది. పాత ఫిల్ము తీసి వెలుతురుకు పెట్టాడు.

"సూడు. ఒకటే వేరు, ఒకటే నరం. అది తీసేసినా."

ఫిల్ములో నరం దారి నల్లటి గీతలా వేరు సగందాకా దిగి, అక్కడ మాయమైంది. అది అతనూ చూశాడు. ఫిల్ము సరిగా కడగలేదని నర్సు పంకజాక్షిని అప్పుడే తిట్టాడు కూడా.

"ఇంగో ఫోటో తియ్యి నాయనా. మద్రాసులో అయితే ఫోటోల మీద ఫోటోలు తీస్తారు."

"ఈ పన్ను పనికిరాదు. పీకేస్తా, పీడా వదులుతుంది."

"పీకనీను. మా యమ్మకు సంతలో ఒకడు ఇట్లే ఒక్కొక్కటే పీకేసినాడు. సెరుకుతోటలోనే బతికిన మనిషి, ఆఖర్న సెరుకుముక్క నమల్లేక గంజి తాగి పొయింది. నేను నా పండ్లతోనే కాటికి పోతా."

"అట్లయితే మద్రాసుకే పో. నా మాట ఇననోళ్లకు ఈడ వైద్యం లేదు."

"పోతా! నువ్వు దండం పెట్టి పిలిచినా ఈ కుర్చీ ఎక్కను."

కుర్చీ దిగి, వాకిట్లో అందరికీ వినబడేలా అంది.

"ఈయప్పకు పీకేది ఒకటే తెలిసినట్టుండాది. సూసుకోండి మీరే."

బెంచీ మీదినుంచి ఒకతను లేచి మెల్లగా ఆమె వెనకే జారుకున్నాడు.

"మొండిఘటం!" అన్నాడు ధనంజయ. ఆ రోజు పటకారు పట్టినప్పుడల్లా అతనికి ఒళ్లు మండుతూనే ఉంది.

నెల తిరక్కముందే మద్రాసు నుంచి ట్రంక్ కాల్ వచ్చింది. కాలేజీలో అతనికి పాఠం చెప్పిన ప్రొఫెసర్ రామచంద్ర.

"ఏమయ్యా ధనంజయా, ఐరాల గంగులమ్మ నీ దగ్గరికి వచ్చిందట?"

ఆమె ఫిర్యాదు చేసిందనుకున్నాడు ధనంజయ.

"వచ్చింది సార్. ఒట్టి మొండి మనిషి. పన్ను పీకనివ్వలేదు."

"మంచిపని చేసింది. ఎక్స్‌రే ట్యూబు కాస్త పక్కకు వంచి ఫిల్ము తీశాను. నరం దారి సగం దిగాక మూడుగా చీలింది. నువ్వు ఒకటి శుభ్రం చేశావు, రెండు అలాగే వదిలేశావు. ఇప్పుడు నొప్పి లేదు, పన్నూ నిలిచింది."

గీత సగంలో మాయమైతే ట్యూబు వంచి మళ్లీ తియ్యాలని ఈ ప్రొఫెసరే క్లాసులో చెప్పాడు. ధనంజయ పరీక్షలో అదే రాసి, బొమ్మ కూడా గీసి మార్కులు తెచ్చుకున్నాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"సార్, ఆమెను ఒక్కసారి నా దగ్గరికి పంపండి. తప్పయిందని చెప్పుకుంటాను."

"రాదయ్యా. చిత్తూరులో బస్సు ఆగినా కిందికి దిగదట."

ప్రొఫెసర్ నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నిన్ను తప్పుపట్టి ఏం లాభం? చాలా ఏళ్ల కింద, ఇలాగే నరం చీలిన ఆమె ఎడమపక్క పన్ను పీకేద్దామని నేనూ పంతం పట్టినవాణ్ణే. ఎన్ని ఫోటోలైనా తీసుకో, పన్ను మాత్రం ముట్టుకోవద్దంది. ఏడాదంతా బస్సెక్కి వచ్చి ఓపిగ్గా కూర్చుంది. మీ క్లాసులో నేను తెరమీద చూపించిన ఫిల్ములన్నీ, చూసి నువ్వు పరీక్షలో గీసిన ఆ బొమ్మతో సహా, గంగులమ్మ పన్నువేనయ్యా."